రిజల్యూషన్ మార్చే ముందు కేబుల్ ఊడదీసి చూడండి

మా బాబాయ్ లైనక్స్‌కి మారిన వారంలోపే ఫోన్ చేశాడు. "ఏమ్మా, స్క్రీనంతా ఉబ్బిపోయింది. ఐకాన్లు అరచేతిలో సగం ఉన్నాయి. ఏదో చెడగొట్టాను కాబోలు" అన్నాడు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ తెరిచి, రిజల్యూషన్ దగ్గర ఏయే అంకెలున్నాయో చదవమన్నాను. "1024, 768. దాని కింద 800, 600. ఇంకేం లేవు" అన్నాడు.

ఆ మానిటర్ నేను చూసిందే, 1920×1080ది, అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. ఆ రెండు అంకెలు వినగానే జబ్బు ఎక్కడుందో తెలిసిపోయింది. బాబాయ్ చెడగొట్టింది ఏమీ లేదు. లైనక్స్ తప్పూ లేదు. తప్పెవరిదో కాసేపట్లో చెబుతాను. నేను లైనక్స్ మీదే పుస్తకాలకి పేజ్ మేకప్ చేస్తుంటాను. మా బంధువుల్లో ఎవరి స్క్రీన్ పాడైనా ఫోన్ నాకే వస్తుంది. అలా చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటలన్నీ ఇక్కడ పెడుతున్నాను.

కమాండ్ల గురించి ముందే ఒక మాట. వాటిని ఫోన్‌లో చదివి వినిపించినట్టే తెలుగులో రాస్తాను. టైపు చేసేటప్పుడు మాత్రం అన్నీ ఇంగ్లీషు స్మాల్ లెటర్సే, హెచ్‌డీఎంఐ, వీజీఏ లాంటి పోర్టు పేర్లొక్కటే క్యాపిటల్స్. పలకడంలో తికమక ఉన్నచోట అక్షరాలు విడగొట్టి చెబుతాను. 1920×1080 అని రాసినచోట మధ్యలో గుణకారం గుర్తు కాకుండా చిన్న ఎక్స్ అక్షరం కొట్టాలి.

అసలు మీకు కావాల్సింది రిజల్యూషనేనా?

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం రిజల్యూషన్ గురించి కావు, పేరుకి అలా మొదలవుతాయంతే. అక్షరాలు చిన్నగా ఉన్నాయి, కళ్లు లాగుతున్నాయి. దానికి మందు రిజల్యూషన్ తగ్గించడమే అనుకుంటారు. మా నాన్న కూడా అదే చేశారు. 1920×1080 స్క్రీన్‌ని 1280×720కి దించి, అక్షరాలు పెద్దవయ్యాయని రెండు రోజులు సంతోషించి, మూడో రోజు కళ్లజోడు మార్చాలేమో అన్నారు.

కళ్లజోడుకి ఏమీ కాలేదు. పాత డబ్బా మానిటర్లలో గాజు మీద ఎలక్ట్రాన్ల కిరణం గీతలు గీసేది, అది ఏ రిజల్యూషన్‌కైనా దాదాపు సర్దుకుపోయేది. ఇప్పటి ఎల్‌సీడీలు అలా కావు. 1920 పిక్సెళ్లు అడ్డంగా, 1080 నిలువుగా, ఫ్యాక్టరీలోనే అచ్చు పోసేశారు. 1280×720 పంపితే ఒక్కో చుక్కని ఒకటిన్నర పిక్సెళ్ల మీద పరచాలి. సగం పిక్సెల్‌ని వెలిగించడం కుదరదు కదా, అందుకని మధ్యలో ఒక బూడిదరంగు పూస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు దాన్ని ఎలాగో తట్టుకుంటాయి. తెలుగుకే ఇబ్బంది. థ పొట్టలో చుక్క, ధ అడుగున గీత, వత్తుల మెలికలు అన్నీ ఆ బూడిదలో కలిసిపోతాయి. ప్రూఫులు చూసేవాళ్లకి అది నరకం.

కాబట్టి అక్షరాలు పెద్దవి కావాలంటే రిజల్యూషన్‌ని మానిటర్ సొంత అంకె దగ్గరే ఉంచి, దాని పక్కనుండే స్కేల్‌ని పెంచండి. 125 శాతం, 150 శాతం, 200 శాతం అని కనిపిస్తాయి. గ్నోమ్ (లైనక్స్‌లో దొరికే డెస్క్‌టాప్‌లలో ఒకటి) కొన్ని వెర్షన్లలో 100, 200 మాత్రమే చూపించి, మధ్యవి కావాలంటే ఫ్రాక్షనల్ స్కేలింగ్ అనే స్విచ్ వేయమంటుంది. బొమ్మలూ బటన్లూ ఉన్నట్టే ఉండి అక్షరాలు మాత్రం పెరిగితే చాలనుకుంటే యాక్సెసిబిలిటీలోకి వెళ్లి లార్జ్ టెక్స్ట్ వేయండి. మా నాన్నకి అదే సరిపోయింది. మీ గోల కూడా ఇదే అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు, మిగతాది చదవక్కర్లేదు.

మామూలు దారి

రిజల్యూషనే మార్చాలంటే గ్నోమ్‌లో (ఉబుంటూ, ఫెడోరా వాడేవాళ్లలో ఎక్కువమందికి ఇదే) డెస్క్‌టాప్ ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేస్తే డిస్‌ప్లే సెట్టింగ్స్ అని వస్తుంది. కేడీఈలో సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ మానిటర్. ఎక్స్‌ఎఫ్‌సీఈలో సెట్టింగ్స్ మేనేజర్‌లో డిస్‌ప్లే. మింట్ సినమన్‌లోనూ డిస్‌ప్లే అనే ఉంటుంది. అంకె ఎంచుకోవడం, అప్లై నొక్కడం, అంతే పని.

అప్లై నొక్కాక "ఈ మార్పులు ఉంచమంటారా" అని ఒక పెట్టె అడుగుతుంది. గ్నోమ్ 20 సెకన్లు ఆగుతుంది. ఈలోగా మీరేమీ నొక్కకపోతే పాత రిజల్యూషన్‌కి తనే వెళ్లిపోతుంది. స్క్రీన్ నల్లబడగానే చాలామంది కంగారుపడి పవర్ బటన్ మీద చెయ్యేస్తారు. వద్దు. చేతులు కట్టుకుని ఇరవై లెక్కపెట్టండి.

రెండు మానిటర్లున్నవాళ్లు పైనున్న బొమ్మలో ఏ మానిటర్‌ని ఎంచుకున్నారో చూసుకుని మార్చండి. అద్దంలో చూపినట్టు రెండిట్లోనూ ఒకే దృశ్యం పెట్టుకుంటే, రెండు మానిటర్లకీ వచ్చే రిజల్యూషన్లు మాత్రమే జాబితాలో మిగులుతాయి. ప్రొజెక్టర్ తగిలించగానే ల్యాప్‌టాప్ రిజల్యూషన్ పడిపోయిందని అనేవాళ్లకి కారణం చాలాసార్లు ఇదే. మిర్రర్ తీసేసి ఎక్స్‌టెండ్ పెట్టుకుంటే చాలు.

జాబితాలో మీ అంకె లేకపోతే

ఇప్పుడు బాబాయ్ సంగతి. ఆ జాబితాలో అంకెలు లైనక్స్ తన బుర్రలోంచి పుట్టించదు, మానిటర్ చెబితే రాసుకుంటుంది. ప్రతి మానిటర్‌లోనూ ఈడీఐడీ అని దాని జాతకం ఉంటుంది. చిన్న చీటీ, మొదటి ముక్క సరిగ్గా 128 బైట్లు. తయారీదారు మూడక్షరాల గుర్తు, పుట్టిన సంవత్సరం, వెడల్పు ఎత్తు ఎన్ని సెంటీమీటర్లు, ఏ రిజల్యూషన్ అంటే ఇష్టం అన్నీ అందులోనే. కేబుల్ తగిలించగానే కంప్యూటర్ ఆ జాతకం అడుగుతుంది, మానిటర్ అదే కేబుల్ గుండా అప్పజెబుతుంది. ఈ ఏర్పాటు 1994 నుంచి ఉంది.

జాతకం అందకపోతే? లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ పాపం ఏమీ తెలియని కొత్త పెళ్లిచూపులవాడిలా భద్రమైన మాటలే మాట్లాడుతుంది. ఏ మానిటరైనా చూపించగలదని తనకి నమ్మకమున్న చిన్న రిజల్యూషన్లు రాసి, 1024×768 దగ్గర ఆపేస్తుంది. బాబాయ్ చదివిన జాబితా అదే. అందుకే ఆ అంకెలు వింటే నేను సాఫ్ట్‌వేర్ జోలికి పోను, కేబుల్ గురించి అడుగుతాను.

నాకీ జ్ఞానం ఊరికే రాలేదు. ఒకసారి నా రెండో మానిటర్‌కి ఇదే జరిగితే మూడు సాయంత్రాలు డ్రైవర్లు తీసి వేసి, వేసి తీసి, చివరికి ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం మళ్లీ ఎక్కించాను. అయినా అదే 1024. నాలుగో రోజు విసుగొచ్చి వీజీఏ కేబుల్ పీకి, ఫోన్ టార్చి వేసి దాని మూతిలోకి చూశాను. మూడు వరసలు, ఒక్కో వరసలో ఐదు పిన్నులు. చివరి వరసలో రెండోది పక్కకి పడుకుని ఉంది. అది 12వ పిన్ను. జాతకం నడిచేది 12, 15 పిన్నుల మీదే. రంగులు మోసే పిన్నులు వేరు కాబట్టి బొమ్మ మామూలుగా వస్తూనే ఉంటుంది, మానిటర్ తన పేరు మాత్రం చెప్పలేకపోతుంది. చెవిపోగు కొనతో దాన్ని మెల్లగా లేపి, మళ్లీ తగిలిస్తే జాబితాలో పన్నెండు అంకెలు వచ్చాయి. మూడు సాయంత్రాలు గుర్తొచ్చి కాసేపు అలా కూర్చుండిపోయాను.

మీరు కూడా చూడండి. మధ్య వరసలో 9వ పిన్ను చాలా కేబుళ్లలో అసలు ఉండదు, అది మామూలే, దానికి కంగారు పడకండి. మూడో వరసలో 12, 15 ఉన్నాయా, నిటారుగా ఉన్నాయా అన్నది ముఖ్యం. చవక కేబుళ్లలో పిన్ను ఉన్నా లోపల తీగ ఉండకపోవచ్చు. వీజీఏని హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్లు, రెండు కంప్యూటర్లకి ఒకే మానిటర్ పంచే స్విచ్ పెట్టెలు కూడా జాతకాన్ని మధ్యలో మింగేస్తుంటాయి. మధ్యలో ఉన్నవన్నీ తీసేసి, వేరే కేబుల్‌తో నేరుగా తగిలించి చూడటమే అన్నిటికన్నా మంచి పరీక్ష.

కేబుల్ ముట్టుకోకుండా తెలుసుకోవాలంటే కమాండ్లు కొట్టే టెర్మినల్ కిటికీ తెరిచి (కంట్రోల్, ఆల్ట్, టీ చాలా డెస్క్‌టాప్‌లలో పనిచేస్తుంది) ముందు మీ పోర్టుల పేర్లు చూడండి:

ఎల్ఎస్ /సిస్/క్లాస్/డీఆర్ఎం

సిస్ అంటే ఎస్ వై ఎస్. కార్డ్0-వీజీఏ-1, కార్డ్1-హెచ్‌డీఎంఐ-ఏ-1 లాంటి పేర్లు వస్తాయి. మీ మానిటర్ తగిలించిన దాని పేరు పెట్టి:

క్యాట్ /సిస్/క్లాస్/డీఆర్ఎం/కార్డ్0-వీజీఏ-1/ఈడీఐడీ | డబ్ల్యూసీ -సీ

128 అనో 256 అనో వస్తే జాతకం అందింది. 0 వస్తే అందలేదు. ఇంత తిన్నగా జవాబిచ్చే కమాండ్లు లైనక్స్‌లో అరుదు.

కేబుల్ మార్చడం కుదరకపోతే

కేబుల్ గోడ లోపలి నుంచి వెళ్లిందనుకోండి, లేదా మానిటర్‌లోనే ఆ చీటీ చెడిపోయిందనుకోండి. అప్పుడు అంకెలు మనమే చెప్పాలి. ఎలా చెప్పాలన్నది మీ సెషన్ పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. తెర మీద కిటికీలు గీసే ఏర్పాట్లు రెండున్నాయి: 1987లో వచ్చిన ఎక్స్11 ఒకటి, 2008లో మొదలైన వేలాండ్ ఒకటి. ఏది నడుస్తోందో ఇలా తెలుస్తుంది:

ఎకో $ఎక్స్‌డీజీ_సెషన్_టైప్

ఎకో అంటే ఈ సీ హెచ్ ఓ. డాలర్ గుర్తు తర్వాతదంతా క్యాపిటల్స్, మధ్యలోవి అండర్‌స్కోర్లు. ఎక్స్11 అనో వేలాండ్ అనో ఒక్క మాట వస్తుంది.

ఎక్స్11 అయితే మన ఆయుధం ఎక్స్‌రాండర్. అక్షరాలు ఎక్స్, ఆర్, ఏ, ఎన్, డీ, ఆర్. 2007 ముందు ఇలాంటి పనికి ఒక కాన్ఫిగరేషన్ ఫైల్‌లో చేత్తో రాసి, గ్రాఫిక్స్ మొత్తం ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది. ఒక అక్షరం తప్పితే నల్ల తెర. ఆ ఏడాది ఎక్స్‌లోని రాండర్ అనే భాగానికి వచ్చిన 1.2 వెర్షన్‌తో అది పోయింది.

ఊరికే ఎక్స్‌రాండర్ అని కొట్టి ఎంటర్ నొక్కితే పోర్టుల పేర్లు, ఒక్కోదాని కింద వచ్చే రిజల్యూషన్లు, వాటి పక్కన హెర్ట్జ్‌లు (సెకనుకి తెరని ఎన్నిసార్లు గీస్తుందో ఆ లెక్క) వస్తాయి. నక్షత్రం గుర్తున్నది ఇప్పుడు నడుస్తున్నది, ప్లస్ గుర్తున్నది మానిటర్ తనకిష్టమని చెప్పింది. ప్లస్ ఎక్కడా కనపడకపోతే జాతకం అందలేదనే అనుమానం పెట్టుకోండి. జాబితాలో ఉన్నదానికి మారాలంటే ఇలా:

ఎక్స్‌రాండర్ --ఔట్‌పుట్ హెచ్‌డీఎంఐ-1 --మోడ్ 1920×1080 --రేట్ 60

లేనిదాన్ని చేర్చాలంటే మూడు మెట్లు. మొదట లెక్క కట్టించాలి. దానికి సీవీటీ అనే చిన్న ప్రోగ్రాం ఉంది:

సీవీటీ 1920 1080 60

జవాబుగా ఒక పొడుగాటి వరస వస్తుంది: 173.00, తర్వాత 1920 2048 2248 2576, తర్వాత 1080 1083 1088 1120. దీన్ని మంత్రంలా కాపీ చేసేవాళ్లే ఎక్కువ, కానీ దీని అర్థం తెలిస్తే ఒక పెద్ద గుంట తప్పుతుంది. 1920 మనకి కనపడే పిక్సెళ్లు. 2576 ఒక వరసకి మొత్తం పిక్సెళ్లు. ఆ 656 తేడా ఖాళీ సమయం. పాత డబ్బాల్లో కిరణం ఒక గీత ముగించి మళ్లీ ఎడమ అంచుకి రావడానికి పట్టే టైము అది. నిలువుగా కూడా అంతే, 1080 కాస్తా 1120. 2576ని 1120తో గుణించి, సెకనుకి దాదాపు 60 సార్లు వేసుకుంటే 17 కోట్ల 30 లక్షలు. మొదటి అంకె 173 మెగాహెర్ట్జ్ అదే.

గుంట ఎక్కడంటే, పాత హెచ్‌డీఎంఐ పోర్టులు, సింగిల్ లింక్ డీవీఐ అనే పాత రకం పోర్టులు 165 మెగాహెర్ట్జ్ దాటి మొయ్యలేవు. 173 పంపితే తెర నల్లబడుతుంది, లేదా కమాండే ఒప్పుకోదు. అందరూ చెప్పిన వరస పెట్టినా నాకు రావట్లేదు అని జుట్టు పీక్కునేది ఇక్కడే. ఎల్‌సీడీలో వెనక్కి రావాల్సిన కిరణమే లేదు, అంత ఖాళీ దండగ. అందుకని ఖాళీ తగ్గించమని అడగండి:

సీవీటీ -ఆర్ 1920 1080 60

ఇప్పుడు 138.50 వస్తుంది. 2576 కాస్తా 2080కి, 1120 కాస్తా 1111కి దిగాయి. 165 లోపు హాయిగా సరిపోతుంది. ఎల్‌సీడీ వాడేవాళ్లు ఎప్పుడూ ఆ ఆర్ పెట్టుకోండి, పెట్టకపోవడానికి నాకు కారణం కనపడలేదు.

రెండో మెట్టు, ఆ వరసని ఎక్స్‌కి పరిచయం చేయడం. సీవీటీ ఇచ్చిన వరసలో మోడ్‌లైన్ అన్న మాట తర్వాతదంతా కాపీ చేసి న్యూమోడ్ తర్వాత పెట్టండి:

ఎక్స్‌రాండర్ --న్యూమోడ్ "1920×1080ఆర్" 138.50 1920 1968 2000 2080 1080 1083 1088 1111 +హెచ్‌సింక్ -వీసింక్

పేరు చివరి ఆర్ క్యాపిటల్. సింక్‌లో స్పెల్లింగ్ ఎస్ వై ఎన్ సీ. మూడో మెట్టు, దాన్ని మన పోర్టుకి అంటగట్టడం:

ఎక్స్‌రాండర్ --యాడ్‌మోడ్ వీజీఏ-1 1920×1080ఆర్

ఇంతవరకూ తెర మీద ఏ మార్పూ రాదు. ఇక దాన్ని వెలిగించాలి. ఇక్కడ సెట్టింగ్స్ లాగా 20 సెకన్లు ఆగి వెనక్కి తీసుకొచ్చేవాళ్లు ఎవరూ లేరు, నల్లబడితే నల్లబడినట్టే. అందుకని నేను ఎప్పుడూ తిరుగు టికెట్ ముందే కొనుక్కుంటాను. మూడు కమాండ్లనీ సెమికోలన్లతో ఒకే వరసలో కలిపేస్తాను:

ఎక్స్‌రాండర్ --ఔట్‌పుట్ వీజీఏ-1 --మోడ్ 1920×1080ఆర్; స్లీప్ 15; ఎక్స్‌రాండర్ --ఔట్‌పుట్ వీజీఏ-1 --మోడ్ 1024×768

కొత్త రిజల్యూషన్ 15 సెకన్లు వస్తుంది, తర్వాత పాతది తిరిగొస్తుంది. ఆ పదిహేను సెకన్లలో తెర బాగా కనిపిస్తే, రెండోసారి మొదటి ముక్క ఒక్కటే కొడతాను. ఫోన్‌లో అవతలివాళ్లకి చెప్పేటప్పుడైతే ఇది లేకుండా నేను ఆ కమాండ్ చెప్పనే చెప్పను. బాబాయ్ తెర నల్లబడితే "ఇప్పుడేం కనిపిస్తోంది" అని అడగడానికి కూడా నాకు మొహం ఉండదు.

ఎక్స్‌రాండర్‌తో చేసినవన్నీ లాగౌట్ అయితే పోతాయి. నిలవాలంటే హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే .ఎక్స్‌ప్రొఫైల్ అనే ఫైల్ పెట్టి, న్యూమోడ్, యాడ్‌మోడ్, ఔట్‌పుట్ వరసలు మూడూ అందులో రాయండి. లాగిన్ అయినప్పుడల్లా అవే నడుస్తాయి. సెట్టింగ్స్ కిటికీలోంచి మార్చినవాటికి ఈ బాధ లేదు. గ్నోమ్ వాటిని .కాన్ఫిగ్ ఫోల్డర్‌లో మానిటర్స్.ఎక్స్ఎంఎల్ అనే ఫైల్‌లో తనే రాసుకుంటుంది.

వేలాండ్‌లో ఎక్స్‌రాండర్ అబద్ధం చెబుతుంది

అబద్ధమంటే పెద్ద మాటే, కానీ చూసేవాళ్లకి అలాగే ఉంటుంది. వేలాండ్‌లో ఎక్స్‌రాండర్ కొడితే జాబితా వస్తుంది, పోర్టు పేరు దగ్గర ఎక్స్‌వేలాండ్0 అని ఉంటే అది నిజమైన మానిటర్ కాదు, పాత ప్రోగ్రాంల కోసం కట్టిన నాటకం సెట్టు. దాని మీద న్యూమోడ్‌లు, యాడ్‌మోడ్‌లు ఎన్ని చేసినా వృథా. ఇంటర్నెట్‌లో పాత సలహాలు పనిచేయకపోవడానికి పెద్ద కారణం ఇదే. ఫెడోరా 2016లోనే వేలాండ్‌ని డీఫాల్ట్ చేసింది. ఉబుంటూ 25.10 అయితే గ్నోమ్‌లో ఎక్స్ సెషన్నే తీసేసింది.

కేడీఈ వాడేవాళ్లకి కేస్క్రీన్-డాక్టర్ ఉంది, పేరు నాకు భలే ఇష్టం. స్క్రీన్ అక్షరాల ముందు కే అన్న ఒక్క అక్షరం, తర్వాత గీత, డాక్టర్. -ఓ పెడితే జాబితా ఇస్తుంది. మార్చాలంటే:

కేస్క్రీన్-డాక్టర్ ఔట్‌పుట్.హెచ్‌డీఎంఐ-ఏ-1.మోడ్.1920×1080@60

మధ్యలో చుక్కలే, ఖాళీలు ఉండవు. స్వే లాంటి, డబ్ల్యూఎల్‌రూట్స్ అనే లైబ్రరీ మీద కట్టిన డెస్క్‌టాప్‌లకి డబ్ల్యూఎల్ఆర్-రాండర్ ఉంది, దాని వాడకం ఎక్స్‌రాండర్ లాగే. గ్నోమ్ 48 నుంచి జీడీసీటీఎల్ అనే కమాండ్ ఇచ్చారు, జీడీసీటీఎల్ షో అంటే మానిటర్ల వివరాలు వస్తాయి.

కానీ జాతకం అందని మానిటర్‌కి వేలాండ్‌లో కొత్త అంకె చేర్చాలంటే నేను నమ్మేది కెర్నెల్‌కే చెప్పడం. ఇది ఎక్స్‌లోనూ పనిచేస్తుంది. అడ్మిన్ హక్కులతో /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైల్ (గ్రబ్ అంటే కంప్యూటర్ లేచేటప్పుడు లైనక్స్‌ని ఎక్కించే ప్రోగ్రాం) తెరిచి, గ్రబ్_సీఎండీలైన్_లైనక్స్_డీఫాల్ట్ అన్న వరసలో కొటేషన్ల లోపల, ఉన్నవాటి చివర ఒక ఖాళీ వదిలి ఇది చేర్చండి:

వీడియో=వీజీఏ-1:1920×1080ఎంఆర్@60

ఎంఆర్ క్యాపిటల్స్. ఎం అంటే సీవీటీ లెక్క కట్టు అని, ఆర్ అంటే ఇందాకటి ఖాళీ తగ్గింపు. సేవ్ చేసి, ఉబుంటూ, డెబియన్, మింట్‌లలో సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేయండి. ఇక్కడ పోర్టు పేరు ఇందాక డీఆర్ఎం ఫోల్డర్‌లో చూసిన పేరే కావాలి, ముందున్న కార్డ్0 గీత మాత్రం వదిలేయాలి. ఎక్స్‌రాండర్ హెచ్‌డీఎంఐ-1 అని పిలిచేదాన్ని కెర్నెల్ హెచ్‌డీఎంఐ-ఏ-1 అంటుంది. ఆ ఏ మర్చిపోయి ఒకసారి నేను పొద్దున్నంతా రీస్టార్ట్‌లు కొట్టాను.

అదే ఫైల్‌లో నోమోడ్‌సెట్ అనే మాట ఉందేమో కూడా చూడండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర రాకపోతే ఆ మాట చేర్చమని చెబుతారు, తర్వాత తీయడం ఎవరికీ గుర్తుండదు. అది ఉన్నంతకాలం గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగా ఎక్కదు. ఎక్స్‌రాండర్‌లో పోర్టు పేరు ఉండాల్సిన చోట డీఫాల్ట్ అని కనిపించి, గామా సైజు దొరకలేదని ఒక వరస వస్తే ఇదే గొడవ, లేదా డ్రైవరే లేదు. అప్పుడు కేబుల్‌ని తిట్టి లాభం లేదు. వర్చువల్ మెషీన్‌లో లైనక్స్ నడిపేవాళ్లయితే గెస్ట్ అడిషన్స్ లాంటివి ఎక్కించండి, కిటికీ సైజుని బట్టి రిజల్యూషన్ దానంతటదే మారుతుంది.

టీవీకి తగిలిస్తే

టీవీకి తగిలించాక నాలుగు అంచులూ తెగిపోయి, పై ప్యానెల్ సగమే కనిపిస్తే రిజల్యూషన్ మార్చకండి. అంచులు కోయడం టీవీలకి పాత అలవాటు, ఓవర్‌స్కాన్ అంటారు. టీవీ రిమోట్‌తో పిక్చర్ మెనూలోకి వెళ్లి జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, 1:1 లాంటి పేరున్నది పెట్టండి.

4కే (3840×2160) తెర మీద మౌస్ ఈడ్చుకుంటూ నడుస్తుంటే హెర్ట్జ్ దగ్గర 30 ఉందేమో చూడండి. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేని 30 హెర్ట్జ్ వరకే మోస్తుంది, 60 కావాలంటే పోర్టూ కేబులూ 2.0కి తగ్గట్టు ఉండాలి. పోర్టు పాతదైతే నేను 4కే వదులుకుని 1920×1080లో 60 పెట్టుకుంటాను. సరిగ్గా సగం కాబట్టి ఒక్కో చుక్క నాలుగు పిక్సెళ్ల మీద సమంగా పరుచుకుంటుంది, నాన్న తెర మీద వచ్చినంత బూడిద రాదు.

తెర పూర్తిగా పోతే

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కండి. నల్ల తెర మీద లాగిన్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనపడవు, కీబోర్డు చెడిపోలేదు, అది అంతే. గ్నోమ్ అయితే మానిటర్స్ ఫైల్ తీసేయండి:

ఆర్ఎం ~/.కాన్ఫిగ్/మానిటర్స్.ఎక్స్ఎంఎల్

ఎక్స్‌ప్రొఫైల్‌లో రాసింది బెడిసికొడితే దాని పేరు మార్చేయండి. సుడో రీబూట్ కొడితే మొదటి రోజు ఉన్నట్టు లేస్తుంది. గ్రబ్‌లో రాసింది బెడిసికొట్టి ఈ తెర కూడా రాకపోతే, బూట్ మెనూలో మీ సిస్టమ్ పేరు మీద ఈ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరసలోంచి ఆ వీడియో ముక్క చెరిపి, ఎఫ్10 నొక్కండి. ఆ ఒక్కసారికి అది లేకుండా లేస్తుంది, లేచాక ఫైల్ సరిచేసుకోండి.

బాబాయ్‌కి ఇవేవీ అవసరం పడలేదు. కేబుల్ పీకి టార్చి వేసి చూడమంటే "మూడో వరసలో నాలుగే ఉన్నాయమ్మా, ఒకటి మొదలంటా విరిగింది" అన్నాడు. మర్నాడు ఇంకో కేబుల్ తగిలించి మళ్లీ ఫోన్ చేశాడు. "1920, 1080. దాని కింద 1680, 1050. దాని కింద..." అంటూ జాబితా మొత్తం చదివాడు. అయిపోయాక గొంతు తగ్గించి అడిగాడు. "ఇప్పుడు అక్షరాలు మరీ చిన్నవైపోయాయి, ఇందాకటి 1024 మళ్లీ పెట్టుకోవచ్చా?"